నిప్పు లేకుండానే పొగ: డ్రాఫ్ట్ పుకార్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా, ఏడు రౌండ్లలో, మూడు రోజులపాటు ఏరుకునే వ్యవహారం. కిందటి సీజన్లో అందరికంటే అడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు. ఈ వంతునే పిక్ అంటారు. దాన్ని మరో జట్టుతో మార్చుకోవచ్చు కూడా. ఈసారి మాకు అందిన ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒకచోటికే వచ్చాయి: మా జట్టు ఏ క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంటుంది? బంతి విసిరేదీ, ఆట నడిపేదీ అతనే కనుక ఆ ఆత్రం సహజం. పేరు చెప్పమన్నవాళ్లు మన్నించాలి. వినబడుతున్న పేర్లను ఎలా తూచాలో మాత్రం చెప్పగలం.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్): "ఫలానా క్వార్టర్‌బ్యాక్ మీద డాలస్ కౌబాయ్స్ కన్నేశారు" అని మార్చి నుంచే గోల మొదలవుతుంది. ఒక్కటీ నిజం కాదు. ఈ వార్తలు పుట్టించేది ఎవరండీ?

జవాబు: నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్ల మాట. డ్రాఫ్ట్ బజారులో పొగను విడిగా తయారు చేస్తారు.

ముందు ఏజెంట్ సంగతి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011 ఒప్పందం వచ్చాక కొత్త ఆటగాడి జీతం అతను ఎన్నో పిక్‌లో పోయాడన్నదాన్ని బట్టే దాదాపుగా తేలిపోతుంది. ఎంపికయ్యాక బేరానికి పెద్దగా మిగిలేదేమీ లేదు. అందుకే బేరమంతా ముందే, పుకారు వేషంలో నడుస్తుంది. "మా వాడి కోసం మూడు జట్లు ఎగబడుతున్నాయి" అన్న వార్త వచ్చిందంటే మొదట ఆ ఏజెంట్‌నే అనుమానించండి.

తర్వాత, పిక్ అమ్ముకోవాలనుకునే జట్టు. 5వ పిక్ చేతిలో ఉంది, క్వార్టర్‌బ్యాక్ అవసరం లేదు. 9లో ఉన్న జట్టుకేమో కావాలి. "మాకూ ఆ కుర్రాడంటే ఇష్టమే" అని 5వ జట్టు ఒక విలేఖరి చెవిన వేస్తే చాలు, 9వ జట్టు జేబు తడుముకుంటుంది.

ఇక నిజంగా కావాలనుకునే జట్టు నోరు మెదపదు. 2017లో కాన్సాస్ సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా అలెక్స్ స్మిత్ ఉన్నాడు, పిక్ చూస్తే 27. డ్రాఫ్ట్ రాత్రి 27, 91 పిక్‌లతో పాటు 2018 మొదటి రౌండ్ పిక్ కూడా బఫెలో చేతిలో పెట్టి, 10కి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్‌ను పట్టుకుపోయింది.

మీ కౌబాయ్స్ విషయానికొస్తే, 1989లో ట్రాయ్ ఎయిక్‌మన్ తర్వాత 2025 వరకు మామూలు డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోలేదు. పైగా 2024 సెప్టెంబర్‌లో డాక్ ప్రెస్కాట్‌కు నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. సంతకం రోజున ఇచ్చే బోనస్‌ను సాలరీ క్యాప్ (జట్టు జీతాలకు ఏటా ఉండే పరిమితి) ఖాతాలో ఐదేళ్ల దాకా పంచి రాసుకోవచ్చు. మధ్యలో ఆటగాడిని వదిలేస్తే మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారిగా నెత్తిన పడతాయి. దీన్నే డెడ్ మనీ అంటారు. అది భారీగా ఉన్నంతకాలం మొదటి రౌండ్ క్వార్టర్‌బ్యాక్ పుకారును పక్కన పెట్టొచ్చు.

ఆ మాటకొస్తే ప్రెస్కాట్ దొరకడం కూడా విచిత్రమే. 2016లో డాలస్ వెంటపడింది ప్యాక్స్‌టన్ లించ్ కోసం. డెన్వర్ ఎగరేసుకుపోయింది. తర్వాత కానర్ కుక్ మీద మనసుపడితే రైడర్స్ ముందే లాగేసుకున్నారు. ఇద్దరూ చేజారాక 135వ పిక్‌లో దొరికినవాడు ప్రెస్కాట్.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): మా జెయింట్స్, జెట్స్ "ట్రేడ్ చేసి పైకెళ్తారు" అని ఏటా రాస్తారు. ఆ ట్రేడ్ జరిగేదా కాదా అని ఇంట్లో కూర్చుని లెక్క కట్టే వీలుందా?

జవాబు: బ్రహ్మాండంగా ఉంది. 1990ల మొదట్లో, జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో డాలస్ వాళ్లు ప్రతి పిక్‌కూ ఒక ధర వేసి పట్టిక తయారు చేసుకున్నారు. 1వ పిక్ 3000 పాయింట్లు, 2వది 2600, 3వది 2200, 6వది 1600, 7వది 1500, 10వది 1300, 12వది 1200, 16వది 1000, 32వది 590. ఇప్పుడు జట్లకు సొంత పట్టికలున్నాయి, పాతది మొదటి పిక్‌లకు మరీ ఎక్కువ విలువ కడుతుందన్న విమర్శా ఉంది. అయినా పుకారు సత్తువ తేల్చుకోవడానికి ఇది చాలు.

జెట్స్‌నే తీసుకోండి. 2018 మార్చిలో ఇండియనాపొలిస్ దగ్గర 6 నుంచి 3కి ఎక్కారు. ఇచ్చింది: 6 (1600), 37 (530), 49 (410), ఇంకా 2019 రెండో రౌండ్ పిక్. మొదటి మూడే 2540. కొన్నది 2200 సరుకు. వచ్చే ఏడాది పిక్‌ను ఒక రౌండ్ తగ్గించి లెక్కేయడం ఆనవాయితీ కాబట్టి ఆ నాలుగోదానికి మూడో రౌండ్ మధ్య ధర, ఓ 190 వేసుకుందాం. అంటే 500 పైచిలుకు అదనం. వచ్చినవాడు శామ్ డార్నల్డ్. మూడేళ్లకే కరొలైనాకు పంపేశారు.

అదే డ్రాఫ్ట్‌లో బఫెలో 12 (1200), 53 (370), 56 (340) ఇచ్చి 7కి ఎక్కింది. 1910 పోసి 1500 కొన్నట్టు. వచ్చినవాడు జాష్ అలెన్! అదనపు ధర ఇద్దరూ కట్టారు. ఒకరి పంట ఎండింది, ఒకరిది పండింది. క్వార్టర్‌బ్యాక్ కోసం ఎక్కేటప్పుడు అమ్మేవాడికి అవతలివాడి ఆకలి తెలుసు కనుక ఈ అదనం తప్పదు. "సరసమైన ధరకే పైకెళ్తారు" అని ఎవరైనా రాస్తే అక్కడే ఆపి ఇంకో పేజీ తిప్పండి.

మొదటి రౌండ్ చివర్లో మాత్రం కథ మారుతుంది. 2025లో జెయింట్స్ హ్యూస్టన్‌కు 34 (560), 99 (104), 2026 మూడో రౌండ్ పిక్ ఇచ్చి 25వ పిక్ (720) తీసుకున్నారు, జాక్సన్ డార్ట్ కోసం. 664కు వచ్చే ఏడాది పిక్ విలువ ఓ 50, 60 కలిపితే కాటా దాదాపు సమానం. 34 దాకా ఆగితే పోయేదేముంది అంటారా? వేరే జట్టు ముందే ఎక్కేస్తుందన్న భయం ఒకటి. రెండోది కాగితం మీది లాభం: మొదటి రౌండ్ ఆటగాడి నాలుగేళ్ల ఒప్పందానికి ఐదో ఏడాది జోడించుకునే హక్కు జట్టుకు ఉంటుంది, రెండో రౌండ్‌కు ఉండదు. 2018లో బాల్టిమోర్ సరిగ్గా 32వ పిక్‌కు ఎక్కి లామార్ జాక్సన్‌ను తీసుకుందీ ఇలాగే. కాబట్టి 26 నుంచి 32 మధ్య క్వార్టర్‌బ్యాక్ ట్రేడ్ అన్న పుకారు వస్తే కాస్త చెవి ఒగ్గండి.

ఒక జాగ్రత్త. రౌండ్ తగ్గించే సూత్రం భవిష్యత్తు మొదటి రౌండ్ పిక్‌లకు సరిగా అతకదు. కొనే జట్టు వచ్చే ఏడాది ఎంత ఘోరంగా ఆడుతుందో ఊహించి అమ్మేవాడు బేరమాడతాడు. కింది జవాబు చివర్లో ఉన్న కథ అలాంటిదే.

ప్రశ్న (షార్లెట్, నార్త్ కరొలైనా): 2023లో ఒకటో పిక్ మా పాంథర్స్ చేతిలో ఉండగా రోజుకో పేరు వినబడింది. చివరి వారంలో విల్ లెవిస్ పందెం ధర కూడా అమాంతం మారింది. పందెం కాసేవాళ్లకు ముందే తెలుస్తుందా?

జవాబు: తెలియదు. డ్రాఫ్ట్ పందాల్లో నిర్వాహకులు తీసుకునే మొత్తాలు చిన్నవి. కొద్ది డబ్బు ఒకవైపు పడినా ధర ఊగిపోతుంది. ఆ ఊగడాన్ని చూసి ఇంకొందరు పరుగెత్తుతారు. లెవిస్ విషయంలో జరిగింది అంతే: పాంథర్స్ నన్నే తీసుకుంటున్నారని అతను సొంతవాళ్లతో అంటున్నాడని ఎవరో పేరు లేని మనిషి ఇంటర్నెట్‌లో రాశాడు, ధర కదిలింది, ధర కదలడమే వార్త అయింది. లెవిస్ మొదటి రాత్రంతా ఆ ఏడు డ్రాఫ్ట్ జరిగిన కాన్సాస్ సిటీలో, ఆటగాళ్లు ఎదురుచూసే గ్రీన్‌రూమ్‌లో పేరు పిలవక కూర్చున్నాడు. మర్నాడు 33వ పిక్‌లో టెనెసీ తీసుకుంది.

అంతకుముందు సి.జె. స్ట్రౌడ్ మీద ఇంకో పొగ. బుర్ర చురుకుదనం కొలిచే ఒక పరీక్షలో మార్కులు తక్కువంటూ లీకు. ఆ స్ట్రౌడే 2వ పిక్‌లో హ్యూస్టన్‌కు వెళ్లి 4108 గజాలు, 23 టచ్‌డౌన్లు, కేవలం 5 ఇంటర్సెప్షన్లతో (విసిరిన బంతి ప్రత్యర్థి చేతిలో పడటం) ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు కొట్టాడు. లీకైన మార్కుల కాగితాన్ని వార్తగా కాక అస్త్రంగా చదవాలి.

పాంథర్స్ చివరికి తీసుకున్నది బ్రైస్ యంగ్‌ను. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను ఒకచోట చేర్చి పరీక్షించే కార్యక్రమం) తూకం 204 పౌండ్లు. మొదటి ఏడాది అతను ఆరంభించిన (మొదటి నుంచీ బరిలో దిగిన) 16 ఆటల్లో 2 గెలుపులు, 14 ఓటములు. పొట్టివాడు కావడమే కారణమని చాలామంది తేల్చేశారు. మా దృష్టిలో అసలు లోపం ట్రేడ్‌లోనే ఉంది. 1వ పిక్ కోసం షికాగోకు ఇచ్చింది: 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్, వీటి మీద డి.జె. మూర్. అంటే జట్టులోకెల్లా మేలైన రిసీవర్‌ను ఇచ్చేసి, బంతి అందుకునేవాడు లేని చోటికి బంతి విసిరేవాణ్ని తెచ్చారు. ఆ ఓటముల పుణ్యమా అని షికాగోకు ఇచ్చిన 2024 పిక్ కాస్తా ఏకంగా 1వ పిక్ అయి కూర్చుంది. దాంతో షికాగో కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది.

ప్రశ్న (సన్నీవేల్, కాలిఫోర్నియా): 2021లో నైనర్స్ (శాన్ ఫ్రాన్సిస్కో జట్టు) మాక్ జోన్స్‌ను తీసుకుంటారని అందరూ నమ్మారు. తీసుకున్నది ట్రే లాన్స్‌ను. అంతమంది ఎలా పొరబడ్డారు?

జవాబు: మార్చి 26న 12 నుంచి 3కి ఎక్కారు. మయామికి 12తో పాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు, 2022 మూడో రౌండ్ పిక్ ఇచ్చారు. నాలుగు రోజులకు ఒకే రోజున రెండు ప్రో డేలు (జట్ల ప్రతినిధుల ముందు కాలేజీలో ఆటగాళ్లు చేసే ప్రదర్శనలు) పడ్డాయి: అలబామాలో జోన్స్, ఒహాయో స్టేట్‌లో జస్టిన్ ఫీల్డ్స్. కోచ్ కైల్ షానహాన్, జనరల్ మేనేజర్ జాన్ లించ్ ఇద్దరూ అలబామా విమానం ఎక్కారు. ఆ ఒక్క ప్రయాణమే నెల రోజుల పుకారుకు గింజ. పైగా జోన్స్ ఆటతీరు షానహాన్ పద్ధతికి అచ్చు గుద్దినట్టు ఉంటుందన్న వాదన దానికి ఎరువు. ఆ తర్వాత ఏప్రిల్‌లో వాళ్లు ఫీల్డ్స్, లాన్స్ రెండో ప్రదర్శనలకు కూడా వెళ్లారు. ఆ కబురు మొదటిదాని చప్పుడులో కలిసిపోయింది.

జట్టు పెద్దలు వెళ్లారా లేదా అన్నదొక్కటే చూడకండి. రెండోసారి ఎవరి దగ్గరికి వెళ్లారు, విసిరే వరసను ఎవరు రాశారు అని చూడండి. మామూలు ప్రో డేలో ఆటగాడి సొంత శిక్షకుడు తయారు చేసిన వరస నడుస్తుంది. జట్టే తమ ఎత్తుగడలు పంపి వాటి ప్రకారమే విసిరించుకుందంటే అది గట్టి జాడ.

లాన్స్ కాలేజీలో ఆరంభించింది 17 ఆటలు. 2020లో అతని జట్టు ఆడింది ఒక్క ఆటే. ప్రమాదం అందరికీ కనబడుతూనే ఉంది. నైనర్స్ తరఫున 4 ఆటలు ఆరంభించాడు, 2022 రెండో వారంలో చీలమండ విరిగింది, 2023 ఆగస్టులో నాలుగో రౌండ్ పిక్ తీసుకుని డాలస్‌కు పంపేశారు. ఈలోగా 2022 డ్రాఫ్ట్ ఆఖరి పిక్, 262వ వాడు బ్రాక్ పర్డీ కుర్చీ ఎక్కేశాడు. జోన్స్ కూడా 2025లో అదే జట్టుకు బదులు ఆటగాడిగా చేరాడు. నాలుగేళ్లు ఆలస్యంగా పుకారు నిజమైందనుకోవాలేమో!

ప్రశ్న (ఆల్ఫరెటా, జార్జియా): డబ్బు ఎటు పోతే జట్టు మనసు అటు అంటారు మీరు. మరి 2024లో మా అట్లాంటా ఫాల్కన్స్ కిర్క్ కజిన్స్‌కు 10 కోట్ల డాలర్లు గ్యారంటీ ఇచ్చి, ఆరు వారాలకే 8వ పిక్‌లో మైకేల్ పెనిక్స్‌ను ఎందుకు తీసుకున్నట్టు?

జవాబు: బాగా పట్టుకున్నారు. ఆ పిక్ దాదాపు ఎవరి ఊహకూ అందలేదు. ఫాల్కన్స్ తమ వంతు వచ్చే వేళకు గానీ కజిన్స్‌కు కబురు చెప్పలేదని అప్పట్లో వార్తలు.

కానీ ఒప్పందం మొత్తం అంకెను కాక ఏడాదివారీ ముక్కలను చూసుంటే తలుపు ఓరగా తెరిచే ఉంది. పేరుకు నాలుగేళ్లు, 18 కోట్లు. గ్యారంటీ సొమ్ములో సింహభాగం మొదటి రెండేళ్లలోనే. అంటే జట్టు గట్టిగా కట్టుబడింది రెండు సీజన్లకు. కజిన్స్ వయసు అప్పటికి 35, అంతకుముందు అక్టోబర్‌లోనే మడమ వెనక అకిలిస్ స్నాయువు (టెండన్) తెగింది. రెండేళ్ల తర్వాత ఎవరు అన్న ప్రశ్న అక్కడే ఉంది, ఎవరూ అడగలేదంతే. చివరికి రెండేళ్లు కూడా ఆగలేదు. ఆ డిసెంబర్‌లోనే కజిన్స్‌ను కూర్చోబెట్టి పెనిక్స్‌ను దించారు.

ప్రశ్న (పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా): "ఫలానా ఆటగాడు జట్టు కార్యాలయానికి వచ్చాడు" అన్న వార్తకు విలువెంత?

జవాబు: ఒక్కో జట్టు తన స్థావరానికి 30 మంది ఆటగాళ్లను పిలిపించుకోవచ్చు. స్థానికులు ఆ లెక్కలోకి రారు. కంబైన్‌లో పద్ధతిగా కూర్చోబెట్టి మాట్లాడే ఇంటర్వ్యూలు 45, అవీ చాలా చిన్నవి. కాబట్టి 30లో చోటు ఖరీదైనదే. అయితే పిలిచేది నచ్చే కాదు. మోకాలిని సొంత డాక్టర్‌కు చూపించడానికి పిలుస్తారు, పాత గొడవ గురించి నిలదీయడానికి పిలుస్తారు, పక్క జట్టును కంగారు పెట్టడానికీ పిలుస్తారు.

రాలేదంటే ఇష్టం లేదనీ కాదు. మీ ఊళ్లోనే 2022 ఉదాహరణ ఉంది. స్టీలర్స్, పిట్ యూనివర్సిటీ జట్టు సాధన చేసేది ఒకే భవన సముదాయంలో. కెన్నీ పికెట్‌ను చూడటానికి ప్రత్యేకంగా పిలవాల్సిన పనేముంది, ఏళ్ల తరబడి గోడ పక్కనే ఉన్నాడు. పుకార్లేమో మాలిక్ విలిస్ చుట్టూ తిరిగాయి. 20వ పిక్‌లో పికెట్ పోయాడు, విలిస్ మూడో రౌండ్‌లో 86 దాకా మిగిలాడు. అన్నట్టు పికెట్ అరచెయ్యి వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలేనని ఆ వసంతమంతా చర్చ. చలికాలపు తడి బంతి జారుతుందన్నది అసలు భయం. అతను కాలేజీ నుంచే గ్లవ్స్ వేసుకుని విసిరేవాడు.

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సాస్): 2025లో షెడూర్ శాండర్స్ మొదటి రౌండ్ ఆటగాడని మాక్ డ్రాఫ్టులు (ఎవర్ని ఎవరు తీసుకుంటారో ముందే ఊహించి రాసే జాబితాలు) ఘోషించాయి. ఐదో రౌండ్‌కు ఎలా పడ్డాడు?

జవాబు: మాక్ డ్రాఫ్టులు రాసేవాళ్లు ఒకరి కాపీ ఒకరు చూసుకుంటారు. పది చోట్ల ఒకే పేరుంటే పది సాక్ష్యాలని పొరబడకండి, ఒక్క సాక్ష్యానికి పది జిరాక్సులు కావచ్చు. 3వ పిక్ ఉన్న జెయింట్స్ అప్పటికే రస్సెల్ విల్సన్, జేమిస్ విన్‌స్టన్‌లను తెచ్చుకున్నారు. 2వ పిక్ ఉన్న క్లీవ్‌లాండ్ దాన్ని జాక్సన్‌విల్‌కు అమ్మేసింది. ఆ రెండు తలుపులూ మూసుకున్నాక మొదటి రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ కోసం అల్లాడే జట్లు తక్కువ. రెండో రౌండ్ దాటితే ఇంకో చిక్కు: జట్లు అప్పుడు వెతికేది గొడవ లేని బదులు ఆటగాడిని, వెంట కెమెరాలు వచ్చే ప్రసిద్ధుణ్ని కాదు. 144వ పిక్‌లో క్లీవ్‌లాండే తీసుకుంది, 94లో డిలన్ గాబ్రియెల్‌ను తీసుకున్నాక కూడా. 1వ పిక్ క్యామ్ వార్డ్ నాలుగేళ్ల ఒప్పందం సుమారు 4.88 కోట్ల డాలర్లు, శాండర్స్‌ది 46 లక్షల చిల్లర.

ప్రశ్న (విశాఖపట్నం): మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, ఫోన్లో ఇదే గోల. ఇక్కడ నుంచి చూడాలంటే ఎన్ని గంటలకు లేవాలి? జట్టు టైముకి పేరు చెప్పకపోతే ఏమవుతుంది?

జవాబు: మొదటి రౌండ్ అక్కడ గురువారం రాత్రి 8 గంటలకు, న్యూయార్క్ టైము. మనకు శుక్రవారం తెల్లవారుజామున 5:30. రెండు, మూడు రౌండ్లు శనివారం 4:30కి. 2025లో మొదటి రౌండ్ పిక్‌కు 10 నిమిషాలు, రెండో రౌండ్‌లో 7, మూడు నుంచి ఆరు దాకా 5, ఏడులో 4 నిమిషాలు ఇచ్చారు.

టైము దాటితే వంతు పోదు, కానీ వెనకవాడు ముందు దూరొచ్చు. 2003లో మిన్నెసోటా 7వ పిక్‌ను బాల్టిమోర్‌తో మార్చుకునే బేరంలో ఉండగానే గడియారం అయిపోయింది. జాక్సన్‌విల్ చటుక్కున బైరన్ లెఫ్ట్‌విచ్ పేరు అందించింది, వెనకే కరొలైనా కూడా దూరింది. మిన్నెసోటాకు 9వ పిక్‌లో కెవిన్ విలియమ్స్ దొరికాడు, అతను గొప్పగా ఆడాడు కూడా. లెఫ్ట్‌విచ్ కోసమే ఆ బేరం మొదలుపెట్టిన బాల్టిమోర్ మాత్రం తర్వాత 19వ పిక్‌కు ఎక్కి కైల్ బోలర్‌తో సరిపెట్టుకుంది.

మూడో రోజు మనకు శనివారం రాత్రి 9:30కి మొదలై ఆదివారం తెల్లారేదాకా సాగుతుంది. పర్డీ లాంటివాళ్ల పేర్లు పిలిచేది ఆ చివరి గంటలోనే. మీ అబ్బాయికి మాత్రం అది శనివారం సాయంత్రం టీ వేళ.